ప్లాస్టికు కప్పులు, అగ్నిభయము

తాటాకు కప్పునకు నిప్పంటినచో ఏమి చేయవలెనో మన గ్రామములలోని పెద్దలకు ఒకరు నేర్పనక్కరలేదు. గాడుపు వీచు వేసవి దినములలో ప్రొద్దెక్కకముందే వంట ముగించి పొయ్యిలో నీళ్లు చల్లుట, గడ్డివాములను ఇండ్లకు దూరముగ వేయుట, ఒక కప్పు అంటుకొన్నయెడల గాలివాలున నున్న ప్రక్కయింటి కప్పును గడలతో లాగి పడవేసి మంటకు దారి లేకుండ జేయుట, ఇవి యన్నియు మనవారు ఎన్నో గృహదాహములను చూచి, ఎన్నో కుటుంబములు కట్టుబట్టలతో మిగిలిన పిమ్మట ఏర్పరచుకొన్న మర్యాదలు. ఇవి ఏ గ్రంథమునందు వ్రాయబడకున్నను శాస్త్రసమ్మతములే.

నేడు ఆ తాటాకు కప్పులు చాలవఱకు పోయినవి. వాని స్థానమున పెంకులు, రేకులు, సిమెంటు కప్పులు వచ్చినవి. అంతవఱకు మేలే. కాని చిన్న చిన్న నీడపట్టులను చూడుడు. చేని కావలి గుడిసె, పశువులపాక, బాటప్రక్కన టీ దుకాణము, ఇల్లు కట్టు కూలీలు వేసికొన్న గుడారము, పెండ్లికి వేసిన షామియానా, వినాయకచవితి పందిరి: వీనిలో ప్లాస్టికు లేనిది నాకు కనబడుట అరుదు. నీలిరంగు టార్పాలిను, ఎన్నికలనాటి ఫ్లెక్సీలు, థర్మోకోలు అలంకారములు, నైలాను త్రాళ్లు. నేను ఒక చేనిగట్టున చూచిన కావలిపాకకు నాలుగు వైపుల నలుగురు అభ్యర్థుల చిత్రములు గోడలుగ నుండెను. ఆ కావలివాడు ఏ పక్షమువాడో చెప్పుట కష్టము.

ఈ వస్తువులను నేను నిందింపబోను. తుపాను వెలిసిన మఱునాడు కప్పెగిరిపోయిన యింటిమీద పరచుకొనుటకు టార్పాలినును మించిన ఉపకారి లేదు. తేలికయైనది, చౌకయైనది, చుట్ట చుట్టి చంకన బెట్టుకొని పోదగినది. కాని తాకుటకు చల్లగను, చూచుటకు నున్నగను నుండుటచేత ఇది తాటాకువలె మండునది కాదని మనవారిలో ఒక నమ్మకము పాతుకొన్నది. తాటాకు నిప్పును గూర్చి మనకున్న తెలివి ఈ క్రొత్త కప్పు నిప్పును గూర్చి లేదు. దానికి కారణము దాని వయస్సే. టార్పాలినునకు మూలమైన పాలిథీనును ఇంగ్లండులో నార్త్‌విచ్ చెంతనున్న విన్నింగ్టన్ రసాయనశాలలో ఫాసెట్, గిబ్సన్ అను నిరువురు 1933లో అనుకొనకుండ కనుగొనిరి. నూఱేండ్లు నిండని వస్తువునకు ఆచారము లెక్కడివి? అందుచేత ఆచారమునకు బదులు చరిత్రను చెప్పదలచితిని.

ఈ చరిత్ర ప్లాస్టికుకంటె ముందే, గుడ్డ కప్పులతో ప్రారంభమగును. 1897వ సంవత్సరము మే 4వ తేదీన పారిస్ నగరమున ఒక ధర్మకార్యముకొఱకు సంత జరుగుచుండెను. దానికై కొయ్యతో పొడవైన కొట్ట మొకటి తాత్కాలికముగ కట్టి, లోపల పూర్వకాలపు వీధివలె రంగుల తెరలు నిలిపి, పైన గుడ్డ చాందినీ కట్టిరి. ఒక మూల అప్పటికి పుట్టి రెండేండ్లైన నిండని వింత, కదలుబొమ్మల యంత్రము, ఉండెను. ఆ యంత్రపు దీపము ఈథరు అను ద్రవముతో వెలుగునది. దీపము చెంత అగ్గిపుల్ల గీయగానే ఈథరు ఆవిరి భగ్గుమనెను. మంట తెరల కెక్కెను, తెరలనుండి చాందినీ కెక్కెను, చాందినీ మండుచు జనుల తలలపై పడెను. 126 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు గొప్ప కుటుంబముల స్త్రీలు. కొట్టము కొన్ని దినములకొఱకు కట్టినది గదా యని దానిని గూర్చి ఎవ్వరును ఎక్కువ ఆలోచింపలేదు. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. తాత్కాలికమని కట్టినదానిలోనే జనులు ఒక్కసారిగ క్రిక్కిరియుదురు.

రెండవ కథ 1944 జూలై 6వ తేదీనాటిది. అమెరికాదేశమున హార్ట్‌ఫర్డ్ పట్టణములో రింగ్లింగ్ బ్రదర్స్ సర్కసు. మధ్యాహ్నపు ఆట. గుడారములో ఏడువేలమంది వఱకు కూర్చుండిరి. యుద్ధకాల మగుటచేత పురుషులు తక్కువ, తల్లులును పిల్లలును ఎక్కువ. ఆ గుడారపు గుడ్డకు వాన దిగకుండుటకై పారఫిను మైనమును పెట్రోలులో కరగించి పట్టించియుండిరి. అది ఆనాడు సర్కసులవారు చేయుచుండిన పనియే. మంటను అడ్డగించు మంచి మందును పట్టింపవలెననిన అది సైన్యమునకే ముందుగ పోవుచుండెను, ఇతరులకు దొరకకుండెను. నీరు దిగకుండుట మాత్రము సాధ్యపడినది. నిప్పు పుట్టిన పిమ్మట ఆ మహాగుడారము సుమారు పదినిమిషములలో నేలమట్టమయ్యెను. మండుచున్న మైనము వానబొట్లవలె జనులపై రాలెను. బయటికి పోవు దారులలో కొన్నింటికి అడ్డముగ క్రూరమృగములను నడిపించు ఇనుపచట్రపు బాట యుండెను. ఆ చట్రమును ఎక్కలేక పిల్లలు అక్కడనే పోగుపడిరి. మృతులు 167 మంది.

ఈ మైనమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ప్లాస్టికు కప్పుల రహస్య మంతయు ఇందే యున్నది.

పారఫిను మైనము ముడిచమురునుండి వచ్చునది. కర్బనము, ఉదజని అను రెండు మూలద్రవ్యములు గొలుసువలె కూర్పబడిన పదార్థము. ఆ గొలుసులో ఇరువది ముప్పది కర్బనపు కడియములున్నచో అది మన యింటి మైనపువత్తి యగును. అదే గొలుసు వేలకొలది కడియములు గలదైనచో పాలిథీను అగును. పేర్లు వేఱు, ధరలు వేఱు, జాతి యొక్కటే. మైనపువత్తి మండుటను అందఱును చూచియున్నారు. మైనము గట్టిగ నున్నంతసేపు మండదు. ముందు కరగును, తరువాత ఆవిరి యగును, ఆ ఆవిరియే మండును. టార్పాలిను చేయునదియు నింతే. నిప్పు సోకగానే ముడుచుకొనును, కరగును, మండుచున్న బొట్లను క్రిందికి విడుచును. బొట్టు పడిన ప్రతిచోట, అది పఱుపు కానిండు, గడ్డి కానిండు, నిద్రించువాని దేహము కానిండు, క్రొత్త మంట పుట్టును. దూలమునకు నిప్పంటిన చాలసేపు నిలుచును. పైన ఏర్పడిన బొగ్గుపొర లోపలి కఱ్ఱకు కొంత కాపుగ నుండును. పాలిథీనున కట్టి కాపు లేదు. వేడిని కొలిచి చూచినచో, ఒక కిలో కట్టెలనుండి వచ్చు వేడికి రెండింతలకు మించిన వేడి ఒక కిలో పాలిథీనునుండి వచ్చును. అనగా కిరసనాయిలుతో సమానము. కిరసనాయిలు డబ్బాను పొయ్యిమీది అటకపై నుంచుమని ఏ గృహస్థుడును చెప్పడు.

ఇచట ఒక సందేహము రావచ్చును. పలుచని టార్పాలిను ముక్కకు అగ్గిపుల్ల చూపినచో అది అంటుకొనుటకు బదులు వెనుకకు ముడుచుకొని, రంధ్రము పడి, ఒక్కొక్కసారి ఆరిపోవును గదా? నిజమే. చిన్న మంటను చూచి ప్లాస్టికు తప్పుకొనును. పెద్ద మంట వచ్చినపుడు తప్పుకొనుటకు చోటుండదు. అగ్గిపుల్లతో చేసిన పరీక్షను నమ్మి పాకను కట్టరాదు.

ఇట్టి పరీక్షను నమ్మినవారు పల్లెటూళ్లవారు మాత్రమే కారు. అమెరికాలో నురుగుప్లాస్టికులను, అనగా మనము థర్మోకోలు అనుచున్న పాలిస్టైరీను నురుగును, పఱుపులలో వాడు పాలియురితేను నురుగును, ఇండ్ల గోడలకును కప్పులకును చలి సోకకుండ అమర్చుచుండిరి. ప్రయోగశాలలో చిన్న ముక్కను చిన్న మంటపై నుంచి, అది కొంత కాలి నిలిచిపోగా, "తనంత తానే ఆరిపోవునది" అని పేరుపెట్టి అమ్మిరి. పూర్తి గది కాలినపుడు అవి ఆరలేదు సరికదా, మంటను పరుగెత్తించినవి. 1973లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇరువదియాఱు కంపెనీలమీదను, వారి పరిశ్రమసంఘముమీదను, పరీక్షాప్రమాణములను నిర్ణయించు సంఘముమీదను అభియోగము తెచ్చెను. 1974లో రాజీ కుదిరినది. ఆ మాటలను ఇక వాడరాదనియు, మంటను గూర్చిన పరిశోధనకు పరిశ్రమవారు 50 లక్షల డాలర్లు ఇయ్యవలెననియు ఏర్పాటాయెను. నా అభిప్రాయమున ఈ వ్యవహారము అగ్నిప్రమాదముల చరిత్రలో ఏ పెద్ద మంటకును తీసిపోదు. ఒక మాట తప్పుగ నుండుటచేత ఎన్ని యిండ్లవారు నిశ్చింతగ నిద్రించిరో!

ఆ 1973లోనే ఆగస్టు 2వ తేదీన ఇంగ్లండునకు ఐర్లండునకు నడుమనున్న మాన్ ద్వీపములో జరిగినది మఱియొక పాఠము. డగ్లస్ పట్టణపు సముద్రతీరమున సమ్మర్‌లాండ్ అను విహారశాలను 1971లో తెఱచిరి. కప్పును, ముందరి గోడయు చాలవఱకు ఆక్రిలిక్ అను అద్దమువంటి ప్లాస్టికుతో కట్టిరి. వాన పడినను చలి వేసినను లోపల వేసవివలె వెలుతురు. ఆనాటి సాయంకాలము సుమారు మూడువేలమంది లోపల నుండిరి. మంట ఆ మహాభవనములో పుట్టలేదు. గోడ చెంతనే వాడుక మానివేసిన చిన్న అంగడి గుడిసె యొకటి యుండెను. ముగ్గురు బాలురు పొగ త్రాగుటకై దానిలో దూరిరి. గుడిసె అంటుకొని గోడకు ఆనుకొనెను. ఆ గోడ ఇనుపరేకే గాని, దాని రెండు వైపుల మండు స్వభావముగల పూత యుండెను. రేకునకును లోపలి అట్టగోడకును నడుమనున్న ఖాళీలో నిప్పు చాలసేపు ఎవరికిని కనబడక ప్రాకెను. లోపలివారు ఆటపాటలలోనే యుండిరి. పొగ కనబడిన పిమ్మట కూడ జనులను వెడలిపొండని చెప్పినవారు లేరు. అగ్నిమాపకదళమునకు కబురు ఆలస్యముగ పోయెను. దూరమున సముద్రముపై పోవుచున్న ఓడనుండి మంటను చూచి వార్త పంపవలసివచ్చెను. లోపలి గోడను చీల్చుకొని మంట వెలువడగానే ఆక్రిలిక్ కప్పు అంటుకొని కరగి రాలెను. 50 మంది మరణించిరి. మఱుసటి సంవత్సరము విచారణసంఘము నివేదిక సమర్పించినది. ఒక్కనిని పట్టి దోషి యనక, అనేకులు చేసిన అనేకములైన చిన్న పొరపాట్ల ఫలమని తేల్చినది. పెద్ద భవనమును కట్టువారు దానిని ఆనుకొనియున్న చిన్న గుడిసెను లెక్కింపరు. మన ఊళ్లలో బడిగోడకు ఆనించి వేసిన బడ్డీకొట్లను చూచినపుడు నాకు ఆ గుడిసె జ్ఞాపకమునకు వచ్చుచుండును.

ఇక మన దేశము. 1995 డిసెంబరు 23వ తేదీన హర్యానారాష్ట్రము, సిర్సా జిల్లాలోని మండీ డబ్వాలి పట్టణములో ఒక పాఠశాల వార్షికోత్సవము. పెండ్లిండ్లకు అద్దెకిచ్చు మండపముననే సభ. కృత్రిమపు నూలుతో నేసిన గుడ్డను పైన కప్పుగ కట్టిరి. పిల్లలు వేషములు ధరించి వేదికచెంత, తలిదండ్రులు వారి యెదుట. విద్యుత్తు దోషమువలన పుట్టిన నిప్పు ఆ గుడ్డకు తగులగా కొలది నిమిషములలో పందిరి యంతయు మండి, కరగి, జనులపై కూలెను. ప్రధానద్వారము మూయబడి యుండెను. నాలుగువందలకు పైగా జనులు, వారిలో ఎక్కువమంది పిల్లలు, అచటనే ప్రాణములు కోల్పోయిరి. చిన్న పట్టణము. శవము లేని వీధి లేదని చెప్పుకొనిరి. నష్టపరిహారముకొఱకు ఆ తలిదండ్రులు న్యాయస్థానముల చుట్టు తిరిగిరి. హైకోర్టు తీర్పు 2009లో వచ్చినది. ఆనాటికి బ్రదికిన పిల్లలు పెద్దవారై, కొందఱు తామే పిల్లల తండ్రులైయుందురు.

మనస్సును కలచు విషయము మఱియొకటి కలదు. పందిళ్లను తాత్కాలికపు కట్టడములను నిప్పునుండి కాపాడుటకు భారతీయ ప్రమాణముల సంస్థ వ్రాసిన నియమావళి, 8758 అను సంఖ్యగలది, 1993లోనే, అనగా డబ్వాలి దుర్ఘటనకు రెండేండ్లకు ముందే, సవరింపబడి అచ్చయియుండెను. పందిళ్లకు కృత్రిమపు గుడ్డను గాని, అట్టి త్రాళ్లను గాని వాడరాదని అందున్నది. కప్పు మూడు మీటర్లకు తక్కువ ఎత్తున నుండరాదనియు, విద్యుత్తు తీగెల క్రింద పందిరి వేయరాదనియు నున్నది. పుస్తకము అచ్చయినది గాని పందిరి వేయువాని చేతికి రాలేదు.

ఆ మూడు మీటర్ల ఎత్తు ఎందులకో తెలిసినచో పొగను గూర్చి తెలియును. అగ్నిప్రమాదములలో కాలి చచ్చువారికంటె పొగ పీల్చి చచ్చువారు ఎక్కువ. వేడిపొగ ముందు కప్పునకు చేరి, అచటినుండి క్రిందికి దిగును. కప్పు ఎంత తక్కువ ఎత్తున నున్న అంత త్వరగ అది మనుష్యుని ముక్కు దగ్గఱకు వచ్చును. వంగి దూరవలసిన కావలిపాకలో ఆ గడువు మిక్కిలి స్వల్పము. ప్లాస్టికుల పొగ కట్టెపొగవంటిదియు కాదు. ఫ్లెక్సీలో క్లోరిను అను వాయుద్రవ్యము కూడియుండుటచేత అది టార్పాలినువలె జోరుగ మండదు. కాని ప్రక్క మంట వేడికి అది కాలినపుడు, కన్నులను గొంతును కోయు ఆమ్లపు ఆవిరిని విడుచును. పఱుపులలోని పాలియురితేను నురుగునుండి సయనైడు వాయువు సైతము వెలువడును. నిద్రించువాడు దగ్గి మేల్కొనునని భ్రమపడరాదు. చాలమంది మేల్కొనరు.

ప్లాస్టికు అంతయు దోషియే యని నేననను. 1997 ఏప్రిల్ 15వ తేదీన మక్కా చెంత మినా మైదానమున హజ్ యాత్రికుల గుడారములు అంటుకొన్నవి. అవి నూలుగుడ్డవే. వంట పొయ్యినుండి లేచిన మంట గాలికి పరుగెత్తి సుమారు 70,000 గుడారములను దహించినది. 343 మంది యాత్రికులు మరణించిరి. వారిలో మన దేశస్థులును కలరు. హైదరాబాదునుండి ఏటేట వేలాది తెలుగునాటి ముస్లిములు అచటికి పోవుచుందురు గావున ఇది మనకు దూరపు వార్త కాదు. ఆ పిమ్మట సౌదీ ప్రభుత్వమువారు గుడారములలో గ్యాసు పొయ్యిలను నిషేధించి, గాజునూలుతో నేసి టెఫ్లాను పూసిన గుడారములను స్థిరముగ నిలిపిరి. టెఫ్లానును ప్లాస్టికే. కాని దాని గొలుసులో ఉదజనికి బదులు ఫ్లోరిను అను ద్రవ్య ముండుటచేత సులభముగ మండదు. గాజునూలు మండనే మండదు. ధనముగల రాజ్యము కావున చేయగలిగినది. ధనము లేనిచోట జరుగునది వేఱు. 2021 మార్చి 22వ తేదీన బంగ్లాదేశములో కాక్స్ బజారు చెంత రోహింగ్యా శరణార్థుల వెదురు, టార్పాలిను గుడిసెలు వేలకొలది కొన్ని గంటలలో బూడిద యయ్యెను. 45,000 మందికి నిలువనీడ లేకపోయినది. గుడిసెకు గుడిసెకు నడుమ మనిషి నడచునంత సందు మాత్రమే యుండెను. ముళ్లకంచె అడ్డమై తప్పించుకొనుట కష్టమైనదని బయటపడినవారు చెప్పిరి.

హైదరాబాదున నాంపల్లి మైదానములో ఏటేట జరుగు ప్రదర్శనశాలలోను 2019 జనవరి 30వ తేదీ రాత్రి వందలాది అంగళ్లు కాలిపోయెను. ప్రాణనష్టము కలుగకపోవుట అదృష్టము.

పెండ్లికి గాని, ఉత్సవమునకు గాని పందిరి మాట్లాడుట మన గ్రామములలో పెద్దల పని. కావున నేను వారికి చెప్పదలచినది షామియానా వానిని అడుగదగిన ప్రశ్నను గూర్చి. గుడ్డ నూలుదా, పాలియెస్టరుదా? అంచునుండి ఒక దారము పీకి మైదానమున కాల్చి చూచినచో తెలియును. నూలుదారము కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. పాలియెస్టరుదారము కరగి గట్టి పూసవలె మిగులును. నూలుగుడ్డయు మండునదే గాని, కరగి నెత్తిమీద రాలదు. పచ్చి తాటాకు పందిరి అంతకంటె మేలు. ఆకులోని నీరు ఆవిరియై పోవువఱకు మంట దానిని పట్టజాలదు. అయినను అది ఒకటి రెండు దినములమాట. వేసవి యెండకు వారము దినములు ఎండిన పందిరిక్రింద గాడిపొయ్యి పెట్టరాదు.

నూలుగుడ్డకు మంట త్వరగ పట్టకుండ చేయు ఉపాయము పాతదే. ఫ్రాన్సుదేశమున నాటకశాలల తెరలు మాటిమాటికి కాలుచుండగా, పదునెనిమిదవ లూయీ రాజు కోరికపై గేలూసాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1821లో దీనిని పరిశోధించెను. వెలిగారమును, నవాసాగరమును, అమ్మోనియా భాస్వరములు కలిసిన ఉప్పును నీటిలో కరగించి గుడ్డకు పట్టించి ఆరవేసినచో అది మంటతో అంటుకొనక నల్లబడి బొగ్గగునని చూపెను. మన రైతులు డి.ఎ.పి. యని చేలకు చల్లు ఎరువు ఆ కడపటి ఉప్పు జాతిలోనిదే. నూలు ఆ ఉప్పునీటిని పీల్చుకొనును. టార్పాలినును, పాలియెస్టరు గుడ్డయు పీల్చవు, నీరు జారిపోవును. వెలిగారపు నీరు పట్టించిన నూలు షామియానా ఒక్క వాన తడిసినచో ఉప్పు కరగి కాఱిపోవును. మరల పట్టించి ఆరవేయవలెను.